నడుస్తున్న ఏడు

ప్రియమైన బావకి,

నీ ఉత్తరం చదివాక కవరు తిప్పి చేతిరాత నీదేనా అని మళ్ళీ చూసుకున్నాను. నీదే. చీమ తలకాయంత అక్షరాలు, గీత గీసినట్టు వరసలు. లోపలి సంగతి మాత్రం నీది కాదు. కళ్ళద్దాల షాపు, దాని వెనక ఇల్లు తప్ప లోకం తెలియని మనిషివి. సైకిలు ఎక్కినా బ్రేకు పట్టుకునే తొక్కేవాడివి. నీ స్కూటరు వెనక కూర్చున్న మా అక్క, "మనల్ని నడిచిపోయేవాళ్ళు దాటేస్తున్నారండీ, కాస్త వాళ్ళనైనా అడగండి ఎక్కించుకుంటారేమో" అనేది. అలాంటివాడు పరాయి దేశం నుంచి ఓడెక్కి వచ్చిన ఎర్ర స్పోర్ట్సు కారు కొన్నాడంటే, అక్క పోయాక నీకు మతి పోయిందనుకోవాలా, వచ్చిందనుకోవాలా?

ఫోను చేస్తే తీయవు. అందుకే ఈ కాగితం ఖర్చు.

నువ్వు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. అమ్మిన దళారి అది ఎనభై ఆరు మోడల్ అన్నాడు. ఎనభై ఆరైతే గొడవ లేదు. ఎనభై ఏడైతే కొంప మునిగినట్టే. ఆ ఒక్క ఏడూ ఆ కంపెనీవాళ్ళకి బుద్ధి గడ్డి తిని, స్టీరింగు రాడ్డు కొసని ఇనుముకి బదులు ఏదో తేలిక లోహంతో పోశారు. ఊళ్ళో తిప్పినంతసేపూ ఏమీ కాదు. దిగుడులో వేగంగా మలుపు తిప్పినప్పుడు చెరుకుగడలా విరుగుతుంది. ఇక స్టీరింగు నీ చేతిలో తిరుగుతూనే ఉంటుంది, చక్రాలు మాత్రం వాటి దారి అవి చూసుకుంటాయి. చాలామంది పోయాక మరుసటి ఏడు మళ్ళీ ఇనుముకే వచ్చారు. ఆ బండ్లని వెనక్కి పిలిపించి కొసలు మార్చారు. పిలుపు అందనివి ఇలా దేశాలు పట్టి తిరుగుతున్నాయి. నీది ఆరా, ఏడా తేల్చమన్నావు. నడపకముందే అడిగావు చూడు, అక్కడ నువ్వు నువ్వే అని నమ్మకం కుదిరింది. ఏడు అని తేలితే మాత్రం, కొన్నావు కదా, ఇక కూర్చుని ఏడు.

నేనే వచ్చి చూసేవాణ్ణి. చేతులు ఖాళీయే గానీ కాలు ఖాళీగా లేదు. మా వర్కుషాపు ఓనరు కుర్చీ చక్రాలకి గ్రీజు దట్టించాను, ఆయన కూర్చోగానే గది ఆ చివరికి జారాలని. ఆయన ఆ రోజు రాలేదు. నేనే మరిచిపోయి ఆ కుర్చీలో కూర్చుని ఫోను ఎత్తాను. మడమ దగ్గర ఎముక చిట్లింది, మోకాలి దాకా కట్టు. ఇంత మంచి సంగతి చెప్పుకోవడానికి అక్క లేదు.

కాగితాలు నమ్మకు. తలుపు దగ్గరి నంబరు రేకు కూడా నమ్మకు, దాన్ని ఎవరైనా మార్చి బిగించగలరు. అద్దాల మూలల్లో కంపెనీ గుర్తు కింద చిన్న అంకె చెక్కి ఉంటుంది, అది ఆ అద్దం పోసిన ఏడాది చివరి అంకె. సీటు బెల్టు అడుగున కుట్టిన గుడ్డముక్క మీద నెల, ఏడాది అచ్చేసి ఉంటాయి. చూసి రాయి. ఇంకో ముఖ్యమైన పరీక్ష: డిక్కీ తెరిచి, లోపలికి తల పెట్టి, నీ పేరు నువ్వే గట్టిగా పిలు. మారు పలికే తీరుని బట్టి రేకు మందం తెలుస్తుంది.

నీ బావమరిది,
ఒంటికాలి కోతి

*

ప్రియమైన బావమరిదికి,

కాలు జాగ్రత్త. కట్టు తడపకు.

నువ్వు చెప్పినవి భూతద్దంతో చూశాను. ముందు అద్దం మీదా, వెనక అద్దం మీదా ఆరు. కుడి తలుపు అద్దం మీద కూడా ఆరే. ఎడమ తలుపు అద్దం మీద తొమ్మిది ఉంది. దాని అంచుకి మిగతా వాటికి లేని ఆకుపచ్చ ఛాయ కనిపిస్తోంది, కాబట్టి తర్వాత ఎప్పుడో పగిలితే వేసినదని నా అభిప్రాయం. బెల్టు కింద గుడ్డముక్క సగం మాసిపోయింది. తడి దూదితో తుడిచి చూస్తే అక్టోబరు, ఎనభై ఆరు అని తేలింది. రెండో బెల్టుకీ అదే.

డిక్కీ పరీక్ష కూడా చేశాను. నా పేరు పిలవమన్నావు. నా పేరు నేను పిలుచుకోవడం చేతకాలేదు. మీ అక్క పేరు పిలిచాను. తిరిగి ఏమీ వినిపించలేదు. రేకు మందమో పలచనో నువ్వే చెప్పాలి.

షాపు తెరుస్తున్నాను. గోడ మీది అక్షరాల బోర్డు ముందు మనుషుల్ని కూర్చోబెడుతున్నాను గానీ, వాళ్ళు ఏ వరుస దాకా చదివారో వినడం మరిచిపోతున్నాను. మొన్న ఒక పెద్దావిడ కింది వరుస కూడా చదివేసి, ఇంకేం చదవాలి బాబూ అని అడిగిందట. నేను ఆవిడ వెనక ఉన్న కుర్చీ వైపు చూస్తూ ఉండిపోయానట. మీ అక్క అక్కడ కూర్చుని ఫ్రేములు తుడిచేది.

మంచం అమ్మేశాను. వెడల్పు ఎక్కువైంది.

కారు ఇంటి పక్క షెడ్డులో ఉంది. గోడకి చెమ్మ పట్టింది కాబట్టి కాస్త ఎడంగా పెట్టాను. రాడ్డు ఊడదీసి చూడటానికి ఇక్కడి మెకానిక్‌ని పిలవకూడదా అని నువ్వు అడగవచ్చు. ఎవరినీ ముట్టుకోనివ్వను. నువ్వు లెక్క కట్టి చెప్పు చాలు. వీలైనంత తొందరగా చెప్పు.

నీ మేలు కోరే
బావ

*

ప్రియమైన బావకి,

డిక్కీ సంగతి వట్టి వేళాకోళం. రేకుకీ దానికీ సంబంధం లేదు. పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా అందరూ వెంటనే పట్టేస్తారు. నువ్వు ఒక్కడివే పట్టలేవని తెలిసే రాశాను. నీ జవాబు చదివి కాగితం బోర్లించి పెట్టాను, ఆ రోజంతా మళ్ళీ తిప్పలేదు. అక్క ఉండుంటే "నీ నాలుక మీద వాత పెట్టాలిరా కోతీ" అనేది. పెట్టిందనుకో.

సరే, అసలు సంగతి. బావా, బతికిపోయావు. అద్దాలు ఆరు, బెల్టు ఎనభై ఆరు అక్టోబరు. ఎడమ అద్దం గురించి నువ్వు అన్నదే నిజం, దాన్ని లెక్కలోంచి తీసెయ్యి. బండి పుట్టింది ఎనభై ఆరులో. రాడ్డు కొస ఇనుమే. కొండ మీంచి దొర్లించినా విరగదు. దళారి నిజం చెప్పాడు, ఇది మాత్రం నా ముప్పై ఏళ్ళ వృత్తిలో నేను వినని వింత. ఆ దళారిని పటం కట్టించి షాపులో తగిలించు.

ఇక ధైర్యంగా బయటికి తియ్యి. ముందు ఊరి చివర దాకా, తర్వాత మా ఊరి దాకా. మా వీధిలోకి ఆ ఎర్ర బండి వస్తే, దిగేవాణ్ణి చూడటానికి అందరూ గుమ్మాల్లోకి వస్తారు. దిగేది నువ్వు. ఆ మొహాలు చూడాలని ఉంది నాకు. చాలా రోజులైంది నవ్వి. వర్కుషాపులో పని చెడలేదు, మనుషులు చెడలేదు, నాకే రుచి చచ్చింది. కట్టు కట్టకముందు ఒకరోజు మా పెయింటరు టోపీలో పసుపు రంగు పోశాను. వాడు పెట్టుకున్నాడు, అందరూ పగలబడ్డారు. నేను ఫోను దగ్గరికి పోయి అక్క నంబరు సగం తిప్పాను.

నేను చేసిన ప్రతి వెధవ పనీ ఆవిడకి చెప్పుకోవడానికే చేశాననుకుంటాను.

పోనీలే. బండికి ఢోకా లేదు. అది చాలు ఈ ఉత్తరానికి.

నీ
కోతి

*

ప్రియమైన బావమరిదికి,

నీ ఉత్తరం అందింది. శ్రమ పడ్డావు.

ఎనభై ఆరు అయితే ఇది పనికిరాదు. ఇంకోసారి చూడు. తొందరపడి చెప్పి ఉంటావు. అద్దాలూ బెల్టులూ తప్ప వేరే దారి ఏమీ లేదా? ఎనభై ఏడు అయ్యే అవకాశం బొత్తిగా లేదా? ఉంటే ఏ గుర్తు చూడాలో రాయి, చూస్తాను.

లెన్సులు అరగదీసే యంత్రం నీకు పంపుతున్నాను. రాళ్ళు కొత్తవి. దాంతో నువ్వు బండి లైట్ల అద్దాలు నునుపు చేసుకోవచ్చు. షాపులో ఫ్రేములన్నీ బజారు చివరి కుర్రడాక్టరుకి ఇచ్చేశాను. ఆయన మంచివాడు, తొందరపడకుండా పరీక్ష చేస్తాడు.

మొన్న ఆసుపత్రి నుంచి మీ అక్క కాగితం ఇంకొకటి వచ్చింది. అందులో వయసు యాభై రెండు అని రాశారు. ఆవిడకి యాభై మూడు నడుస్తోంది కదా. వెళ్ళి దిద్దమన్నాను. కిటికీ దగ్గరి గుమాస్తా, నిండిన ఏడే రాస్తాం సార్, నడుస్తున్న ఏడు రాయం అన్నాడు. యాభై రెండు నిండాక ఆవిడ బతికిన నెలలు నాకు తెలుసు. చివరి నెలల్లో చూపు మసకబారింది. కళ్ళద్దాలు మార్చి మార్చి ఇచ్చాను. తేడా కళ్ళలో లేదని నాకు తెలుసు, అయినా మారుస్తూనే ఉన్నాను. "ఇప్పుడు బాగా కనిపిస్తున్నారండీ" అనేది ప్రతిసారీ. ఆ నెలలు ఎవరి లెక్కలోకీ రాలేదు.

నువ్వు రానక్కరలేదు. ఎవరినీ పంపకు.

బావ

*

ప్రియమైన బావకి,

యంత్రం వచ్చింది. గోనెపట్టా కూడా విప్పలేదు. వెనక్కి తీసుకుపోవాలి నువ్వు.

నీ ఉత్తరం ఎన్నోసార్లు చదివాను. నేను సగం చదువు చదివినవాణ్ణి, కాబట్టి నెమ్మదిగా అడుగుతాను, నెమ్మదిగా చెప్పు. ఇంజను బాగులేదంటే ఏడ్చేవాళ్ళని చూశాను. రంగు పోయిందని ఏడ్చేవాళ్ళని చూశాను. బండి బాగుంది, నువ్వు చావవు అంటే "అయితే పనికిరాదు" అన్నవాణ్ణి ఇంతవరకు చూడలేదు. ఆ మాట దగ్గర నీ అక్షరం కూడా వంకర పోలేదు. నంబరు తేడా వచ్చిన కళ్ళద్దాలు తిప్పి పంపినట్టు రాశావు.

మంచం అమ్మావు. ఫ్రేములు ఇచ్చేశావు. యంత్రం నాకు తోశావు. ఊరి వెనక కొండకి దిగుడు రోడ్డు ఉందని ఎప్పుడో నువ్వే చెప్పావు, స్కూటరు మీద అటు వెళ్ళడానికి భయపడి అక్కని చుట్టుదారిన తిప్పేవాడివి.

బావా, ఆ బండి మంచిదని తేల్చమన్నావా నన్ను, చెడ్డదని తేల్చమన్నావా?

వేళాకోళం కాదు. జవాబు రాయి. రాయకపోతే నేనే చదువుకుంటాను, నాకు చదవడం వచ్చినంత.

నీ బావమరిది

*

ప్రియమైన బావమరిదికి,

అడిగావు కాబట్టి చెబుతున్నాను. నీకు అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. వేరేవాళ్ళకి చెప్పడమూ చేతకాదు, అదే చిక్కు.

చెడ్డదని తేలాలనే కొన్నాను. ఆ ఒక్క ఏడు గురించి దళారి నోరు జారి చెప్పాడు, ఇది ఆ ఏడుది కాదు సార్ అని. కానీ చెబుతూ నా మొహం చూడలేదు. అందుకే కొన్నాను.

మంచి బండిని తీసుకుపోయి లోయలోకి తిప్పడం నావల్ల కాదు. అది ప్రమాదం అని అందరికీ చెప్పిన అబద్ధం అవుతుంది. నీకు తలవంపులు. మీ అక్క పేరు కూడా అందులో పడుతుంది. చెడ్డ బండి అయితే నేను చేసేది ఏమీ లేదు. దిగుడులో మామూలుగా నడుపుతాను. విరిగితే విరుగుతుంది. నిజంగా జరిగిన ప్రమాదాన్ని ఎవరూ తప్పు పట్టరు. విరగకపోతే మర్నాడు మళ్ళీ వెళతాను.

పొద్దున లేవగానే పక్కకి తిరిగి, కాసేపు ఎందుకు తిరిగానో గుర్తుండదు. తర్వాత గుర్తొస్తుంది. ఇది రోజూ జరుగుతోంది. రోజూ కొత్తగానే ఉంటోంది. నాకు ఇక ఓపిక లేదు, అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు.

నీ మీద నాకు ఎప్పుడూ కోపం లేదు. ఆ డిక్కీ సంగతి మీద కూడా.

ఏడు తేల్చి రాయి. నువ్వు ఏది రాస్తే అది నమ్ముతాను.

బావ

*

ప్రియమైన బావకి,

ఈ కాగితానికి స్టాంపు లేదు, కవరు లేదు. నీ షెడ్డులో, నీ బండిలో కూర్చుని రాస్తున్నాను. నువ్వు షాపులో ఉన్నావని పక్కింటి టైలరు చెప్పాడు. ఖాళీ షాపులో ఏం చేస్తున్నాడో అని కూడా అన్నాడు. షెడ్డు తాళం సంగతి అడక్కు, అది నాకో లెక్క కాదు. కాలి కట్టు రేకులు కోసే కత్తెరతో నేనే కోసేసుకున్నాను. బస్సులో పాదం బూరెలా పొంగింది. డాక్టరు చూస్తే ఇంకో కాలు విరగ్గొడతాడు.

నీ బండి ఎనభై ఏడు.

తప్పు నాదే. మన దగ్గర బండి పుట్టిన రోజే దాని ఏడు, ఆ అలవాటు మీద చెప్పేశాను. ఆ కంపెనీ లెక్క వేరు. వాళ్ళు వేసవి సెలవులయ్యాక ఫ్యాక్టరీ తలుపులు తెరిచిన రోజు నుంచి వచ్చే ఏటి బండ్లు చేస్తారు. అక్టోబరులో పుట్టినదానికి ఎనభై ఆరు నిండినట్టు, ఎనభై ఏడు నడుస్తున్నట్టు. వాళ్ళు నడుస్తున్న ఏడు రాస్తారు. అక్క గురించి నువ్వు గుమాస్తాతో పెట్టుకున్న తగువు చదివినప్పుడే అది నా బుర్రలో గుచ్చుకుంది. ఎందుకు గుచ్చుకుందో తెలియడానికి నీ తర్వాతి ఉత్తరం కావలసి వచ్చింది. బండి సంగతీ, నీ సంగతీ రెండూ ఒకేసారి తెలిశాయి. ఒకటి తెలిసినా సరిపోయేది నాకు.

వచ్చాక కింద దూరి చూశాను. కొస మీది నలుపు రంగుని గోరుతో గోకాను. లోపల తెల్లగా, మెత్తగా ఉంది. ఒక పక్క వెంట్రుకంత గీత కూడా పడింది. నీ రెండు మూడు దిగుళ్ళకి సరిపోతుంది.

ఎనభై ఆరని అబద్ధం చెప్దామనే బయల్దేరాను. నువ్వు నమ్ముతావు. నా మాటలన్నీ నమ్మిన ఒకే ఒక్క వెర్రిబాగులవాడివి నువ్వు. కానీ నమ్మాక ఏం చేస్తావు? దీన్ని అమ్మేసి, ఆ ఏటి బండి కోసం ఇంకో దళారి దగ్గరికి పోతావు. ఈసారి నన్ను అడగవు. దానికే భయపడ్డాను.

రాడ్డు ఊడబెరికి సంచీలో వేసుకుపోదామని కూడా పానా బిగించాను. మళ్ళీ వదిలేశాను. కొండ ఉంటుంది. రోడ్డు ఉంటుంది. దేన్నని ఊడదీయను?

బతకమని చెప్పడానికి బస్సు దిగేదాకా ఒక మాట కోసం వెతికాను. దొరకలేదు బావా. కాలమే మాన్పుతుంది లాంటివి నీ మీద వాడితే అక్క లేచి వచ్చి నన్ను తంతుంది. నాకేమీ మానలేదు. నీకు పొద్దున పక్కకి తిరగడం ఉంది, నాకు ఫోను దగ్గరికి పోవడం ఉంది. మీ ఇంట్లోకి తొంగి చూశాను. వంటగదిలో ఒక గిన్నె, ఒక గ్లాసు మిగిల్చావు. చుట్టం వస్తే ఏం చేద్దామనుకున్నావు? సరే, ఆ గ్లాసుకి వంతులు వేసుకుందాం. వచ్చినవాణ్ణి కాబట్టి మొదటి వంతు నాది.

నిజంగా జరిగే ప్రమాదం కావాలన్నావు. ఎవరినీ మోసం చేయనన్నావు. ఒప్పుకుంటున్నాను. ఈ బండికి రెండు సీట్లే. స్టీరింగు ముందుది నీది. రెండోదాంట్లో నేను కూర్చున్నాను. బెల్టు కూడా పెట్టుకున్నాను, నువ్వు తడి దూదితో తుడిచిన బెల్టే. నువ్వు కొండకి పోతే నేనూ కొండకి వస్తాను. మర్నాడు మళ్ళీ పోతే మళ్ళీ వస్తాను. ఆ కొస ఎలాంటిదో నీకు తెలుసు, పక్కన మనిషి ఉన్నాడనీ తెలుసు, ఇక అది నీ లెక్కలో ప్రమాదం అవుతుందో కాదో నువ్వే చూసుకో. లెక్కల్లో నువ్వు నాకంటే గట్టివాడివి.

బెదిరింపు అనుకో, నాకేం. ఇంతకంటే మంచిది నా దగ్గర లేదు. పని చేస్తుందో లేదో కూడా తెలియదు. నడపకుండా ఊరికే ఈ సీట్లో వచ్చి కూర్చున్నా సరే. మాట్లాడక్కరలేదు. నేను జోకులు వెయ్యను.

రేకు తలుపు దగ్గర చప్పుడైంది. నువ్వనుకున్నాను, గాలి. చీకటి పడేలోపు షాపు కట్టేస్తావుగా. నువ్వు వచ్చేదాకా ఈ కాగితం స్టీరింగు మీద ఆనించి ఉంటుంది, చదువుకో. నేను నీ మొహం వైపు చూడను, అద్దంలోంచి గోడ చెమ్మ చూస్తుంటాను.

ఉంటాను, బావా.

నీ భార్య తమ్ముడు